అమిగా ఆటలకు చిట్కాలు కావాలంటే ముందు దాని చిప్‌ల సంగతి తెలియాలి

అమిగా అనే పాత ఇంటి కంప్యూటర్ పేరు విని, ఇప్పటి కంప్యూటర్‌ని దానిలా నడిపించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ దించుకుని, మొదటిసారి ఆట పెట్టినవాళ్లకు దాదాపు ఒకే రకం ఇబ్బందులు ఎదురవుతాయి. ఒక ఆట అస్సలు మొదలవదు. ఇంకోటి మొదలవుతుంది కానీ తెర కింది భాగం కోసేసినట్టు ఉంటుంది, స్కోరు కనబడదు. మరో దాంట్లో సంగీతం తరుముకొస్తున్నట్టు పరిగెడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక వాద్యం మొత్తం ఎడమ చెవిలో, ఇంకోటి మొత్తం కుడి చెవిలో వినిపించి పది నిమిషాలకే తల బరువెక్కుతుంది. వెతికితే ప్రతి దానికీ ఒక చిట్కా దొరుకుతుంది, ఆ సెట్టింగ్ మార్చండి, ఈ టిక్కు తీసేయండి అని. అయితే ఆ చిట్కాలన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సినవి కావు. దాదాపు అన్నీ ఒకే చోటి నుంచి వస్తాయి, 1985లో ఆ కంప్యూటర్ లోపల పెట్టిన మూడు చిప్‌ల నుంచి.

ఆ మూడూ ఏం చేస్తాయో తెలిస్తే ఏ ఆట ఎందుకు మొండికేస్తోందో ఎవరికి వాళ్లే ఊహించగలుగుతారు. నలభై ఏళ్లు దాటినా అభిమానులు ఈ మెషీన్‌ని వదలకపోవడానికి చిన్ననాటి జ్ఞాపకాలొక్కటే కారణమనుకుంటే విషయాన్ని చాలా తక్కువ చేసి చూసినట్టే. ఒక మనిషి ఓపిగ్గా కూర్చుంటే లోపలి వ్యవహారం మొత్తం తలకెక్కించుకోగలిగిన చివరి తరం ఇంటి కంప్యూటర్లలో ఇదొకటి. ఇప్పుడు జేబులో ఉండే ఫోన్‌ని అలా తెలుసుకోవడం ఎవరి వల్లా కాదు.

మన దేశంలో ఈ పేరు ఇళ్లదాకా రాలేదు కాబట్టి కాస్త వెనక కథ. అమిగా మొదలైంది కాలిఫోర్నియాలో, ఒక చిన్న కంపెనీలో. దాని వెనక ఉన్న జే మైనర్ అంతకుముందు అటారీ వీడియో గేమ్ మెషీన్లకు చిప్‌లు డిజైన్ చేసినవాడు, ఇది కూడా ముందు ఆటల మెషీన్‌గానే ఊహించారు. 1984లో డబ్బులు అయిపోయాయి, అటారీ దగ్గర 5 లక్షల డాలర్లు అప్పు తెచ్చుకున్నారు, చివరికి అదే ఏడాది ఆగస్టులో కమొడోర్ అనే కంప్యూటర్ల సంస్థ మొత్తం కంపెనీని కొనేసింది. 1985 జులై 23న న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో అమిగా 1000ని జనం ముందు పెట్టారు, వేదిక మీదే చిత్రకారుడు యాండీ వార్హోల్ గాయని డెబ్బీ హ్యారీ ఫొటోకి మౌస్‌తో రంగులేశాడు. ధర 1,295 డాలర్లు, మానిటర్ వేరే. అందరి ఇళ్లలోకీ వెళ్లింది మాత్రం 1987లో వచ్చిన అమిగా 500. కీబోర్డు, కంప్యూటర్, ఫ్లాపీ డ్రైవ్ అన్నీ ఒకే డబ్బాలో, టీవీకి తగిలించుకుంటే చాలు. బ్రిటన్, జర్మనీల్లో ఒక తరం పిల్లలు దాని మీదే పెరిగారు.

ఇక చిప్‌లు. వాటి పేర్లు ఆగ్నస్, డెనిస్, పౌలా. మెమరీ దగ్గర ఎవరు ఎప్పుడు వెళ్లాలో చూసేది ఆగ్నస్, బొమ్మని తెరకి పంపేది డెనిస్, ధ్వనితో పాటు ఫ్లాపీ వ్యవహారం చూసేది పౌలా. ప్రాసెసర్ మోటొరోలా 68000, వేగం 7 మెగాహెర్ట్జ్ పైచిలుకు, ఇప్పటి లెక్కలో అది ఏ మూలకూ రాదు. కానీ దాని నెత్తిన పని తక్కువ. బొమ్మలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసే బ్లిటర్ ఆగ్నస్‌లోనే ఉంది, దాని పక్కనే కాపర్ అని ఇంకో చిన్న యంత్రం ఉంది. నాలుగు శబ్దాలు ఒకేసారి వినిపించే పని పౌలాది. ప్రాసెసర్ ఆట లెక్కలు చూసుకుంటూ ఉంటుంది, మిగతావాళ్లు తమ పని తాము చేసుకుపోతుంటారు.

చిక్కు ఎక్కడంటే ఈ మూడు చిప్‌లకీ మెమరీ అంతా కనబడదు. వాటికి అందే మెమరీని చిప్ ర్యామ్ అంటారు, మొదటి అమిగా 500లో అది 512 కేబీ. తెర బొమ్మ, శబ్దం, ఫ్లాపీ నుంచి చదివే సమాచారం అన్నీ అందులోనే ఇమడాలి. 320 చుక్కల వెడల్పు, 256 గీతల ఎత్తు, 32 రంగులు ఉన్న ఒక్క తెరకే 51,200 బైట్లు పోతాయి. బొమ్మ వణక్కుండా కదలాలంటే అలాంటి తెరలు రెండు పెట్టుకోవాలి. అప్పటి ఇళ్లలో చాలామంది మెషీన్ అడుగున ఉండే చిన్న మూత తీసి ఇంకో 512 కేబీ కార్డు దూర్చేవాళ్లు. ఆ కార్డు మెమరీ ప్రాసెసర్‌కి మాత్రమే అందుతుంది, చిప్‌లకి అందదు. ఆటలు తయారుచేసినవాళ్లు లెక్కలు వేసుకున్నది సరిగ్గా ఈ అమరిక మీద.

అందుకే ఎమ్యులేటర్‌లో మొదటి చిట్కా ఇది: 1991 లోపు ఆట ఏదైనా మొండికేస్తే అమిగా 500ని ఎంచుకుని, 512 కేబీ చిప్ ర్యామ్, 512 కేబీ స్లో ర్యామ్ (ఆ అడుగు కార్డు మెమరీ), అమిగా ఆన్ కాగానే నడిచే సాఫ్ట్‌వేర్ కిక్‌స్టార్ట్ 1.3 పెట్టాలి. ఎక్కువ మెమరీ, వేగమైన ప్రాసెసర్ ఇస్తే ఇంకా బాగా ఆడుతుందనుకోవడం సహజం, కానీ ఇక్కడ అది తిరగబడుతుంది. చాలా ఆటలు ప్రాసెసర్ ఒక పని ఎంతసేపట్లో ముగిస్తుందో తెలుసుకుని దాని మీదే నడిచాయి. వేగం పెంచితే బొమ్మ గీయకముందే తెర మారిపోవడం, ఫ్లాపీ చదవడం తప్పిపోవడం లాంటివి జరుగుతాయి. కొత్త ఆటల సంగతి వేరు. పేరు పక్కన ఏజీఏ అని ఉంటే అది 1992లో వచ్చిన అమిగా 1200, 4000ల్లోని కొత్త చిప్‌ల కోసం రాసినది, దానికి అమిగా 1200 అమరికే కావాలి.

అసలు అమిగా 1200 చేతిలో ఉన్నవాళ్లకీ ఇదే సమస్య, దానికి మెషీన్‌లోనే మందు ఉంది. ఆన్ చేసేటప్పుడు మౌస్ రెండు బటన్లూ నొక్కి పట్టుకుంటే ఒక మెనూ వస్తుంది. అక్కడ చిప్‌లని పాత రకంలా నడవమని చెప్పొచ్చు, ప్రాసెసర్ క్యాష్ ఆపేయొచ్చు. ఏడాదుల తరబడి పాడైపోయిందనుకుని పక్కన పెట్టిన ఫ్లాపీ ఆ రెండు మార్పులతో లేచి కూర్చుంటుంది.

కాపర్ గురించి విడిగా చెప్పుకోవాలి, అమిగా అందమంతా అందులో ఉంది. దానికి తెలిసిన ఆజ్ఞలు మూడే. తెర మీద ఫలానా చోటుకి గీత వచ్చేదాకా ఆగు, చిప్‌లోని ఫలానా రిజిస్టర్ అనే గడిలో ఈ అంకె పెట్టు, ఫలానా చోటు దాటిపోతే తర్వాతి ఆజ్ఞ వదిలెయ్. అంతే. టీవీలో బొమ్మ పై నుంచి కిందకి ఒక్కో గీతగా పడుతుంటే, కాపర్ ఆ గీతతో పాటు నడుస్తూ మధ్యలోనే రంగులు మార్చేస్తుంది. పాత అమిగా ఆటల్లో ఆకాశం పైన ముదురు నీలం, కిందకి వచ్చేకొద్దీ ఊదా, నారింజ అవుతుంది కదా, అది బొమ్మగా గీసిన ఆకాశం కాదు. ఒకే ఒక్క రంగు ఉన్న ఖాళీ జాగా, ప్రతి గీతకీ ఆ రంగు అర్థాన్ని కాపర్ మార్చుకుంటూ పోతుంది, ప్రాసెసర్‌కి ఖర్చేమీ లేదు.

1989లో సిగ్నోసిస్ విడుదల చేసిన షాడో ఆఫ్ ద బీస్ట్ ఈ కిటుకుని చివరంటా పిండింది. కొండలు, మేఘాలు, చెట్లు, గడ్డి, కంచె, ఒక్కోటీ ఒక్కో వేగంతో పక్కకి జరుగుతుంటాయి, డజను దాకా పొరలు, సెకనుకి 50 సార్లు. ఆటగా చూస్తే అది కష్టం, కొంత అన్యాయం కూడా, ఒక్కసారి చచ్చిపోతే మొదటికి రావాల్సిందే. కానీ అప్పట్లో దుకాణం అద్దం వెనక ఆ మొదటి దృశ్యం ఒక్కటి నడిపిస్తే చాలు, జనం ఆగి చూసేవాళ్లు.

ఇక్కడే 50 అన్న అంకె ముఖ్యం. యూరప్ టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకి 50 సార్లు తెర మారుతుంది. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, 60 సార్లు. అమిగా ఆటల్లో ఎక్కువ భాగం బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, స్వీడన్‌ల నుంచి వచ్చినవి కాబట్టి పాల్‌కి రాసినవే. వాటిని ఎన్‌టీఎస్‌సీలో పెడితే 256 గీతలకు బదులు 200 గీతలే కనబడతాయి, స్కోరు ఉన్న కింది పట్టీ పోతుంది, ఆట, సంగీతం రెండూ అయిదో వంతు వేగం పుంజుకుంటాయి. మొదట్లో చెప్పిన రెండు జబ్బులకీ మూలం ఇదే. అమెరికా ఆటల్ని, ఉదాహరణకి సినిమావేర్ వాళ్ల డిఫెండర్ ఆఫ్ ద క్రౌన్‌ని, పాల్‌లో పెడితే దీనికి ఉల్టా అవుతుంది, కింద నల్ల పట్టీ మిగిలి బొమ్మలు కాస్త నొక్కేసినట్టు కనబడతాయి. మన దూరదర్శన్ కాలపు టీవీలు కూడా పాల్ పద్ధతివే, కాబట్టి ఎక్కడైనా పాత పెట్టె టీవీ మిగిలి ఉంటే అమిగా బొమ్మ గీతల లెక్కకి అది సరిగ్గా సరిపోతుంది.

ఇప్పటి మానిటర్లు మామూలుగా 60 దగ్గర నడుస్తాయి. 50 ఫ్రేముల ఆటని 60 తెర మీద పెడితే ప్రతి అయిదు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు కనబడాల్సి వస్తుంది, అందుకే పక్కకి జరిగే దృశ్యాలు చిన్నగా కుదుపుతున్నట్టు అనిపిస్తాయి. కంప్యూటర్ బలం చాలట్లేదని అనుకుంటారు చాలామంది, దానికీ దీనికీ సంబంధం లేదు. మానిటర్ ఒప్పుకుంటే 50కో 100కో మార్చాలి, లేదా వేగం తనంతట తానే సర్దుకునే రకం మానిటర్ అయితే ఆ సదుపాయం ఆన్ చేయాలి. ఒక్కసారి అలా చూశాక మళ్లీ 60లో చూడబుద్ధి కాదు.

హెడ్‌ఫోన్స్ తలనొప్పికి కారణం పౌలా. దానికి నాలుగు ఛానెళ్లు, రెండు పూర్తిగా ఎడమవైపు, రెండు పూర్తిగా కుడివైపు, మధ్యలో కలపడం ఉండదు. టీవీ ఉన్న గదిలో ఆ శబ్దాలు గాల్లో కలిసిపోయేవి, చెవికి ఆనించుకుంటే కలవవు. విన్‌యూఏఈ అనే ఎమ్యులేటర్‌లో స్టీరియో సెపరేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని కొంచెం తగ్గిస్తే సరి, పూర్తిగా సున్నా చేస్తే సంగీతం చప్పబడిపోతుంది. అమిగా 500 డబ్బా మీద ఇంకో చిన్న ముచ్చట కనబడేది. ధ్వనిలో హెచ్చు స్థాయిల్ని అణిచే ఫిల్టర్ ఒకటి ఉండేది, దాన్ని ఆన్, ఆఫ్ చేసే తీగే పవర్ లైటుకీ వెళ్తుంది. సంగీతం మోగేటప్పుడు ఎర్ర లైటు సగం మసకబారితే ప్రోగ్రామ్ ఫిల్టర్ తీసేసిందని, ఇప్పుడు శబ్దం విప్పారుతుందని అర్థం. దాన్ని చూడగానే తెలిసినవాళ్లు వాల్యూమ్ పెంచేవాళ్లు.

ఫ్లాపీల దగ్గరికి వస్తే గొడవ ఇంకా లోతు. అమిగా ఫ్లాపీ చూడటానికి మామూలు మూడున్నర అంగుళాల ఫ్లాపీయే, కానీ పీసీలో పెడితే చదవదు. పీసీ ఒక ట్రాక్‌లో, అంటే ఫ్లాపీ మీది ఒక చుట్టులో, 9 సెక్టార్లు (ముక్కలు) పెట్టి మధ్యలో ఖాళీలు వదిలేది, మొత్తం 720 కేబీ. అమిగాలో పౌలా ట్రాక్ మొత్తాన్ని ఒక్క గుక్కలో చదివి మెమరీలో పోస్తుంది, విడదీయడం సాఫ్ట్‌వేర్ పని. కాబట్టి ఖాళీలు అక్కర్లేదు, 11 సెక్టార్లు పట్టాయి, అదే ఫ్లాపీ మీద 880 కేబీ. ఈ స్వేచ్ఛ దొరికేసరికి ఆటల కంపెనీలు కాపీ కొట్టకుండా తమకిష్టమైన పద్ధతుల్లో ట్రాకులు రాసుకున్నాయి. అలాంటి ఫ్లాపీని అమిగా డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్‌లో పెడితే ఎన్‌డాస్ అన్న గుర్తు కనబడుతుంది, ఫ్లాపీ పాడైందని కంగారు పడక్కర్లేదు, మెషీన్‌ని ఆ ఫ్లాపీతో మళ్లీ ఆన్ చేస్తే ఆట దానంతటదే మొదలవుతుంది.

ఫ్లాపీని ఫైలుగా మార్చినప్పుడు వచ్చేది ఏడీఎఫ్. మామూలు ఫ్లాపీ అయితే దాని సైజు కచ్చితంగా 901,120 బైట్లు ఉండాలి, దించుకున్న ఫైలు ఒక్క బైటు తక్కువైనా అనుమానించాల్సిందే. కాపీ రక్షణ ఉన్న అసలు ఫ్లాపీలు ఏడీఎఫ్‌లో ఇమడవు, వాటి కోసం సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ సొసైటీ అనే బృందం ఐపీఎఫ్ అనే ఫార్మాట్ తయారుచేసింది. ఏడీఎఫ్‌లో దొరికేవాటిల్లో చాలా వరకు అప్పట్లో రక్షణ విరగ్గొట్టి పంచిపెట్టినవి, మధ్యలో ఏదైనా లెవెల్ దగ్గర ఆగిపోతే ఆ విరగ్గొట్టినవాళ్లు ఒక తనిఖీని గమనించలేదని అర్థం, అప్పుడు ఐపీఎఫ్ వెతుక్కోవడం మేలు.

ఇంట్లో సొంత ఫ్లాపీలున్నవాళ్లు ఈ పని వాయిదా వేయొద్దు. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంటుంది, పాత పీసీ ఫ్లాపీ డ్రైవ్‌కీ యూఎస్‌బీకీ మధ్య పెడితే అది అర్థం చేసుకోవాలని చూడకుండా ఫ్లాపీ మీది అయస్కాంత సంకేతాల్ని ఉన్నవి ఉన్నట్టు చదువుతుంది. దాంతో పీసీలోనే అమిగా ఫ్లాపీలు దించుకోవచ్చు. పెట్టే ముందు రాయకుండా అడ్డుకునే చిన్న ప్లాస్టిక్ ముక్క తెరిచి ఉందో లేదో చూడాలి, లోపలి డిస్క్ మీద బూజు మచ్చలుంటే డ్రైవ్‌లో అస్సలు పెట్టకూడదు, ఆ ఫ్లాపీతో పాటు డ్రైవ్ తల కూడా పోతుంది, దాని తర్వాత పెట్టిన ప్రతి ఫ్లాపీ మీదా గీతలు పడతాయి.

వార్హోల్ సంగతే చూడండి. లింకన్ సెంటర్ రోజు తర్వాత ఆయన తన అమిగా మీద ఇంకా బొమ్మలు వేశాడు, ఆ ఫ్లాపీలు పిట్స్‌బర్గ్‌లోని ఆయన మ్యూజియంలో ఏళ్ల తరబడి ఎవరూ తెరవకుండా పడి ఉన్నాయి. కోరీ ఆర్కేంజెల్ అనే కళాకారుడు ఆ వేదిక వీడియో చూసి, ఆ బొమ్మలు ఏమయ్యాయని అడగడంతో కదలిక వచ్చింది. అదే ఊళ్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ క్లబ్ వాళ్లు ఫ్లాపీల్ని ఇలాంటి పద్ధతిలోనే చదివారు, కానీ ఫైళ్లు ఏ ప్రోగ్రామ్‌లోనూ తెరుచుకోలేదు, ఎందుకంటే వార్హోల్ వాడింది ఇంకా విడుదల కాని సాఫ్ట్‌వేర్. ఆ ఫార్మాట్‌ని బైటు బైటుగా విప్పుకుంటూ పోయి 2014లో బొమ్మల్ని బయటికి తీశారు. సూప్ డబ్బా ఉంది, తన ముఖం ఉంది, నుదుటి మీద మూడో కన్ను పెట్టిన వీనస్ ఉంది. ప్రపంచమంతా తెలిసిన చిత్రకారుడి బొమ్మలకే అంత కష్టమైతే మామూలు ఇళ్లలో అటక మీది ఫ్లాపీల గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అసలు మెషీన్ మీద ఆడేవాళ్లు ఇప్పుడు ఫ్లాపీలు పెద్దగా వాడట్లేదు. డ్రైవ్ తీసేసి ఆ జాగాలో గోటెక్ అనే పెట్టె బిగిస్తారు, దానికి పెన్‌డ్రైవ్ పెడితే ఏడీఎఫ్‌ల్ని ఫ్లాపీలని నమ్మిస్తుంది. దాంతో వచ్చే సాఫ్ట్‌వేర్ అమిగాకి పనికిరాదు, ముందు ఫ్లాష్‌ఫ్లాపీ ఎక్కించుకోవాలి. ఇంకో దారి డబ్ల్యూహెచ్‌డీలోడ్. జర్మనీకి చెందిన బెర్ట్ యాన్ 1996 నుంచి రాస్తున్న ప్రోగ్రామ్ ఇది, ఫ్లాపీ నుంచి తప్ప కదలని ఆటల్ని హార్డ్ డిస్క్ నుంచి నడిపిస్తుంది. ఒక్కో ఆటకి ఒక్కో చిన్న తోడు ఫైలు ఉంటుంది, దాన్ని స్లేవ్ అంటారు. ఫ్లాపీ చదివే చోట హార్డ్ డిస్క్ చదివేలా, వేగమైన ప్రాసెసర్ మీద పడిపోయే చోట పడిపోకుండా, అభిమానులు ఆటలోని కోడ్‌ని వెతికి వెతికి సరిచేసిన ఫలితం ఆ ఫైలు. అమిగా లోకంలో ఇంతకన్నా ఉపకారం చేసిన సాఫ్ట్‌వేర్ ఇంకోటి లేదు. ఒకప్పుడు రుసుము ఉండేది, ఇప్పుడు ఉచితం. బయటికి రావడానికి క్విట్ కీ ఏదో మొదటే చూసి పెట్టుకోవాలి, మెమరీ ఉంటే ప్రీలోడ్ ఆన్ చేసుకోవాలి, లేకపోతే లెవెల్ మారిన ప్రతిసారీ తెర మిణుకుమంటుంది. 2022లో వచ్చిన చిన్న సైజు ద ఏ500 మినీకి కూడా యూఎస్‌బీలో ఈ ఫైళ్లే పెట్టి ఆడుకోవచ్చు, దాంతో వచ్చే 25 ఆటలతో ఆగిపోనక్కర్లేదు.

కిక్‌స్టార్ట్ అంటే అమిగా ఆన్ కాగానే కావాల్సిన రోమ్ (ROM) చిప్‌లోని సాఫ్ట్‌వేర్, దాని హక్కులు ఇంకా ఉన్నాయి. దొరికిన చోట దించుకోవడం కన్నా క్లొవాంటో కంపెనీ అమ్మే అమిగా ఫరెవర్‌లో లైసెన్స్‌తో వస్తుంది, తీసుకుంటే తలనొప్పి ఉండదు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ఏఆర్‌ఓఎస్ అనే స్వేచ్ఛా ప్రత్యామ్నాయం ఎమ్యులేటర్లతోనే వస్తుంది, కొన్ని ఆటలు దాంతో నడుస్తాయి, కొన్ని నడవవు.

ఏ ఆటతో మొదలుపెట్టాలి అంటే, లెమ్మింగ్స్. 1991, స్కాట్లాండ్‌లోని డండీ నుంచి డీఎంఏ డిజైన్ తయారుచేసింది. తర్వాత పీసీలోనూ చాలామంది ఆడే ఉంటారు, కానీ అమిగాలో రెండు పోర్టులకీ రెండు మౌస్‌లు పెట్టి ఇద్దరు ఒకే తెర మీద పోటీ పడొచ్చు, ఆ మజా వేరు. ఎనిమిది చుక్కల చదరంలో కాళ్లూ చేతులూ ఊపుకుంటూ నడిచే ఆ బుల్లి మనుషుల కోసం బొమ్మలు వేసే డీలక్స్ పెయింట్ ప్రోగ్రామ్‌లో చుక్క చుక్క పెట్టుకున్నారు. ఆ కంపెనీ తర్వాత గ్రాండ్ తెఫ్ట్ ఆటో చేసింది. అలాగే పిన్‌బాల్ డ్రీమ్స్, 1992. స్వీడన్ కుర్రాళ్లు, అంతకుముందు కేవలం అమిగా చేత ఎన్ని విన్యాసాలు చేయించవచ్చో చూపించడానికి డెమోలు రాసుకునేవాళ్లు, వాళ్ల కంపెనీయే తర్వాత బ్యాటిల్‌ఫీల్డ్ చేసిన డైస్ అయ్యింది. బంతి కదలిక అంత మెత్తగా ఉండటానికి కారణం మళ్లీ ఆ 50 ఫ్రేములే. ఫుట్‌బాల్ ఇష్టమైతే సెన్సిబుల్ వరల్డ్ ఆఫ్ సాకర్, కథ ఇష్టమైతే ఎరిక్ షాయీ దాదాపు ఒంటిచేత్తో చేసిన అనదర్ వరల్డ్. ఇద్దరు ముగ్గురు స్నేహితులు పక్కనుంటే వర్మ్స్, దాన్ని యాండీ డేవిడ్‌సన్ అనే కుర్రాడు బ్లిట్జ్ బేసిక్‌లో రాసి ఒక పత్రిక పోటీకి పంపాడు, బహుమతి రాలేదు, టీమ్17 దాన్ని తీసుకుని 1995లో విడుదల చేసింది.

అమిగా జాయ్‌స్టిక్‌కి మామూలుగా ఒక్కటే బటన్. అందుకే దూకాలంటే పైకి నెట్టాలి. ఇప్పటి గేమ్‌ప్యాడ్‌తో అలా ఆడితే బొటనవేలు నొప్పి పుడుతుంది, ఎమ్యులేటర్‌లో రెండో బటన్‌కి 'పైకి' అన్న కదలికని ఇచ్చేస్తే సగం ఆటలు ఉన్నట్టుండి సులువవుతాయి.

ఆటలు కాకుండా చూడాల్సినవి ముఖ్యంగా రెండు. ఒకటి ఇంతకుముందు అన్న డీలక్స్ పెయింట్, డాన్ సిల్వా రాసింది, 1985. బొమ్మని ముట్టుకోకుండా రంగుల పట్టికని గుండ్రంగా తిప్పితే జలపాతం పారుతుంది, మంట ఊగుతుంది, ఈ పద్ధతి ఒక సాయంత్రం నేర్చుకుంటే పిక్సెల్ బొమ్మలు వేసేవాళ్లకి చాలా రోజులు పనికొస్తుంది. రెండోది ట్రాకర్, పాటలు కట్టే ప్రోగ్రామ్. 1987లో కార్స్టన్ ఒబార్స్కి రాసిన అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్‌తో మొదలై ప్రోట్రాకర్ దాకా వచ్చింది, నాలుగు నిలువు వరుసలు, ఒక్కో పేజీకి 64 అడ్డ వరుసలు, ఒక్కో గడిలో ఒక స్వరం. ఆ పాట ఫైళ్లని మాడ్ అంటారు, వీఎల్‌సీలో వినొచ్చు, కానీ ఓపెన్‌ఎంపీటీలో తెరవడం మంచిది. వాద్యాల పేర్లు రాసుకోవడానికి 31 వరుసలు ఉంటాయి, చాలామంది అందులో పేర్లు రాయకుండా ఉత్తరాలు రాసేవాళ్లు. ఏ ఊళ్లో ఉంటాం, ఈ పాట ఏ స్నేహితుడి కోసం, నచ్చితే ఫ్లాపీ పోస్టులో పంపండి, ఇలాంటివి. పాట మోగుతుంటే ఆ వరుసలు చదువుకోవచ్చు. ఇవన్నీ దొరికే చోటు ఆమినెట్, 1992లో స్విట్జర్లాండ్ విద్యార్థులు మొదలుపెట్టారు, ఇప్పటికీ కొత్త ఫైళ్లు చేరుతున్నాయి. ప్రతి ఫైలు పక్కన రీడ్‌మీ ఉంటుంది, ఏ మెషీన్‌కి, ఎంత మెమరీకి అన్నది అందులోనే రాసుంటుంది, అది చదవకుండా దించుకుంటే సమయం వృథా.

ఇంత మంచి మెషీన్ ఎందుకు పోయిందన్న ప్రశ్నకి కమొడోర్ యాజమాన్యం డబ్బు పెట్టాల్సిన చోట పెట్టలేదన్నది మామూలుగా వినిపించే జవాబు, అది నిజమే. కానీ చిప్‌ల్లోనే ఇంకో జవాబు ఉంది. అమిగా బొమ్మని పొరలుగా దాస్తుంది, 32 రంగుల తెరలో ఒక చుక్క రంగు అయిదు పొరల్లో అయిదు చోట్ల ఒక్కో బిట్‌గా ఉంటుంది. పక్కకి జరిగే ఆటలకి అది వరం, మెమరీ ఆదా, బ్లిటర్‌కి పని తేలిక. 1993 డిసెంబర్‌లో పీసీ మీద డూమ్ వచ్చింది. అలాంటి ఆటలో ప్రతి చుక్కనీ విడిగా లెక్కగట్టి పెట్టాలి, పీసీలో చుక్కకి ఒక బైటు, ఒక్క రాతతో పని అయిపోతుంది. 256 రంగుల అమిగాలో ఒక చుక్క మార్చడానికి ఎనిమిది చోట్లకి వెళ్లాలి. 1985లో అమిగాని అందరికన్నా ముందు నిలబెట్టిన అమరికే 1993కి కాళ్లకి అడ్డం పడింది. 1994 ఏప్రిల్ 29న కమొడోర్ మూతపడుతున్నట్టు ప్రకటించింది.

చివరిగా, పాత అమిగా కొనాలనుకునేవాళ్లకి. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో కొందరికి పాత వస్తువుల సంతల్లో తారసపడే అవకాశం ఉంది. కొన్న వెంటనే కరెంటు పెట్టొద్దు, ముందు మూత తీయాలి. అమిగా 500 ప్లస్, 2000, 3000, 4000ల్లో గడియారం కోసం బోర్డు మీద చిన్న బ్యాటరీ ఉంటుంది, అది కారి చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది. పచ్చగా, నీలంగా పొక్కులు కనబడితే ఆ బ్యాటరీని కత్తిరించి తీసేయాలి, గడియారం లేకపోయినా మెషీన్ నడుస్తుంది. మామూలు 500లో బోర్డు మీద బ్యాటరీ లేదు, కానీ అడుగున దూర్చిన మెమరీ కార్డులో ఉంటుంది, చాలామంది మర్చిపోయేది దాన్నే. 600, 1200, 4000ల్లో కెపాసిటర్లు కారతాయి, శబ్దం సన్నబడటం దాని మొదటి గుర్తు. మెషీన్ ఆన్‌లో ఉండగా జాయ్‌స్టిక్ పీకడం, పెట్టడం చేయకూడదు, ఆ పోర్టుల వెనకున్న చిప్ కాలిపోతే మళ్లీ దొరకడం కష్టం. జాగ్రత్తగా చూసుకుంటే ఇవి ఎంతకాలం నడుస్తాయో చెప్పడానికి అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి స్కూళ్లు ఉన్నాయి. 1980ల్లో పెట్టిన ఒక అమిగా 2000, 19 బడుల్లో వేడి, చలి యంత్రాల్ని 2015లో కూడా ఇంకా నడుపుతూనే ఉండేది.

మొట్టమొదటి అమిగా 1000 దొరికితే మాత్రం మూత తీసినప్పుడు బోర్డుతో పాటు ఆ మూతని కూడా తిరగేసి చూడాలి. దాన్ని తయారుచేసినవాళ్లందరి సంతకాలూ లోపలి ప్లాస్టిక్‌లో అచ్చుపోసి ఉంటాయి, వాటి మధ్యలో ఒక కుక్క పాదం ముద్ర. అది మిచీది, జే మైనర్ పెంచుకున్న కుక్క, చిప్‌లు డిజైన్ చేస్తున్నంత కాలం ఆయన వెంట ఆఫీసుకి వచ్చేది.